మౌనాన్ని కత్తిరించే ముందు

తెలుగులో స్త్రీల చరిత్ర గురించి మాట్లాడుకునేటప్పుడు ఉద్యమాల పేర్లు చెప్పుకుంటాం, పుస్తకాల పేర్లు చెప్పుకుంటాం, సంపాదకుల పేర్లు చెప్పుకుంటాం. టేప్ రికార్డర్ ఊసు మాత్రం ఎక్కడా రాదు. నిజానికి అది లేకపోతే చదువుకునే అవకాశం దొరకని ఎందరో స్త్రీల మాట అచ్చులోకి వచ్చేదే కాదు. అచ్చులోకి వచ్చిన తర్వాత మనమేం చేశాం? క్యాసెట్లని అట్టపెట్టెలో సర్ది అటకెక్కించాం. మాట పుస్తకంలోకి వచ్చింది, గొంతు అటక మీద ఉండిపోయింది.

ఈ వ్యాసం ఆ గొంతు గురించి. దాన్ని మళ్లీ వినడానికి, అరవై దాటిన వయసులో నేను నేర్చుకున్న ఒక కంప్యూటర్ పని గురించి కూడా. మనం ‘సంపాదకత్వం’ అనే మాటని ఎంతో గౌరవంగా వాడతాం. ‘ఆడియో ఎడిటింగ్’ అనగానే అది సాంకేతిక నిపుణుల వ్యవహారమని ఏ స్టూడియో కుర్రాడికో అప్పగించేస్తాం. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని నిర్ణయించడమే రెండిట్లోనూ జరిగే పని. ఆ నిర్ణయంలో రాజకీయం ఉందని స్త్రీవాదులుగా మనం ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాం. శబ్దం విషయానికొచ్చేసరికి మాత్రం ఆ కత్తెరని మన చేతుల్లోకి తీసుకోలేదు.

తార్నాక చుట్టుపక్కల బతికినవాళ్లకి ఈ చరిత్ర దూరపుది కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒకవైపు, దాని పక్కనే మనందరం సీఫెల్ అని పిలుచుకున్న ఆంగ్ల, విదేశీ భాషల సంస్థ (2007 నుంచి అది ఇఫ్లూ), రోడ్డు మీదకి వస్తే జాతీయ పోషకాహార సంస్థ. ఈ మూడూ నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నాయి. 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటనలో పనిచేసిన రమా మెల్కోటే ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. సూసీ తారు సీఫెల్‌లో పాఠాలు చెప్పేవారు. వీణా శత్రుఘ్న పోషకాహార సంస్థలో శాస్త్రవేత్త. వీళ్లూ, కె. లలిత, వసంత కన్నబిరాన్, ఉమామహేశ్వరి, ఎం. రత్నమాల కలిసి తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు టేపుల మీద రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తీసుకొచ్చారు. 1989లో అది ఇంగ్లీషులోనూ వచ్చింది.

1946 నుంచి 1951 దాకా జరిగిన ఆ పోరాటం గురించి అప్పటికే నాయకులు రాసిన పుస్తకాలున్నాయి. వాటిలో స్త్రీలు ‘వీరవనితలు’గా ఒకటి రెండు పేరాల్లో కనిపిస్తారు. చిట్యాల ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, బ్రిజ్‌రాణి, ప్రమీలాతాయి లాంటి వాళ్లు తమ జీవితాన్ని తమ మాటల్లో చెప్పుకున్న తర్వాత ఆ పోరాటం మనకి వేరేగా కనిపించడం మొదలైంది. దళంలో వంట ఎవరు చేశారు, పుట్టిన పిల్లలేమయ్యారు, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగొచ్చిన ఆడదాన్ని ఎవరు ఎలా చూశారు లాంటి ప్రశ్నలు చరిత్రలోకి వచ్చాయి. 1963లో ఫిలిప్స్ కంపెనీ మొదటిసారి బయటికి తెచ్చిన ఆ చిన్న క్యాసెట్ ఇరవై ఏళ్లలో మన ఊళ్లకి చేరి ఉండకపోతే, ఒక అధ్యాపకురాలు భుజానికి సంచీ తగిలించుకుని బస్సెక్కి వెళ్లి ఒక ముసలమ్మ పక్కన కూర్చుని రెండు గంటల మాటని ఇంటికి తెచ్చుకోగలిగేది కాదు. రేడియో స్టేషన్ల పెద్ద స్పూల్ యంత్రాలతో అయ్యే పని కాదది.

ఐలమ్మ 1985లోనే వెళ్లిపోయారు. పుస్తకం వచ్చింది ఆ మరుసటి ఏడాది. మల్లు స్వరాజ్యం 2022 దాకా ఉన్నారు కాబట్టి ఆమె గొంతు సభల్లో విన్నవాళ్లు మనలో చాలామందిమి ఉన్నాం. పుస్తకంలో ఆమె కథ చదువుతుంటే ఆ గొంతు మనసులో తనంతట తనే వినిపిస్తుంది. ఐలమ్మని చదివేటప్పుడు మనలో చాలామందికి అలాంటి జ్ఞాపకం లేదు. అక్షరం ఎక్కడ ఆగిపోతుందో ఈ తేడాలో తెలుస్తుంది.

ఇటలీకి చెందిన మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి 1979లోనే ఈ సంగతి చెప్పాడు. టేపుని కాగితం మీదకి ఎక్కించగానే వినే వస్తువు చూసే వస్తువుగా మారిపోతుందనీ, మాట వేగం, స్వరం ఎక్కడం దిగడం, ఆగడం లాంటి వాటిలో ఉన్న అర్థం కామాలకీ ఫుల్‌స్టాపులకీ లొంగదనీ ఆయన వాదన. ముంబైలో 1988లో సి.ఎస్. లక్ష్మి (తమిళ రచయిత్రి అంబై) మరికొందరు స్త్రీలతో కలిసి ‘స్పారో’ అనే స్త్రీల ధ్వని, చిత్ర భాండాగారం పెట్టినప్పుడు, పేరులోనే ‘ధ్వని’ అనే మాటని ముందు చేర్చారు. స్త్రీల మాటని కాగితంగానే కాకుండా శబ్దంగా కూడా దాచాలన్న పట్టుదల ఆ పేరులో ఉంది.

నా దగ్గర కూడా ఒక పెట్టె ఉంది. 1996లో, క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న మాణికేశ్వరి నగర్ (మా నోట ఇప్పటికీ వడ్డెర బస్తీయే) నుంచి తార్నాక ఇళ్లలోకి పనికొచ్చే ఆడవాళ్లతో మాట్లాడి రికార్డు చేసిన 22 క్యాసెట్లు అందులో ఉన్నాయి. వాటిని అప్పట్లోనే కాగితం మీద రాయించుకున్నాను. క్యాసెట్ టేపు ఎక్కువ కాలం మన్నేది కాదు. దాని మీదున్న అయస్కాంతపు పూత బూజు పడుతుంది, పొట్టు రాలుతుంది. టేపుని యంత్రం తలకి ఒత్తిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోతుంది. టేపు బాగున్నా దాన్ని వినిపించే యంత్రమూ, ఆ యంత్రాన్ని బాగుచేసే మనిషీ దొరకరు. 2019లో యునెస్కో ఆధ్వర్యంలోని ఒక కార్యక్రమం ప్రపంచమంతటా ఇదే హెచ్చరిక చేసింది. అయస్కాంత టేపుల మీద ఉన్నదాన్ని 2025 లోపు డిజిటల్‌లోకి మార్చుకోకపోతే చాలావరకు శాశ్వతంగా పోతుందని దాని సారాంశం. ఆ గడువు దాటిపోయింది. మన అటకల మీద పెట్టెలు అలాగే ఉన్నాయి.

క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి నాకు గురువైంది. వారానికి రెండు సాయంత్రాలు తన ల్యాప్‌టాప్ తెచ్చేది. మేం నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ పేరు ఆడాసిటీ. ఆ మాటకి తెలుగులో తెగువ అని అర్థం చెప్పుకోవచ్చు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ దాన్ని మొదలుపెట్టి 2000లో ఉచితంగా అందరికీ విడుదల చేశారు. డబ్బు కట్టక్కర్లేదు, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. మన సంఘాల ఆర్థిక పరిస్థితి తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మొదటి పాఠం చాలా సులువు. పాత క్యాసెట్ ప్లేయర్‌కి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. రెండు చివరలా పిన్ను ఉన్న ఒక తీగతో దాన్ని కంప్యూటర్‌కి కలపాలి. తెర మీద ఎర్ర చుక్క నొక్కి, ఆ తర్వాత క్యాసెట్ మీట నొక్కాలి. తెర మీద నీలిరంగు అల పరుచుకుంటూ పోతుంది. మాట గట్టిగా ఉన్నచోట అల ఎత్తుగా లేస్తుంది, నెమ్మదిగా ఉన్నచోట సన్నబడుతుంది, మాట ఆగినచోట దాదాపు గీతై పోతుంది.

“మేడం, రికార్డు నొక్కేముందు ఒక్కసారి పూర్తిగా విని, ఎక్కడ ఎక్కువ గట్టిగా మాట్లాడారో చూసుకోండి. ఆ చోట కూడా ఈ మీటర్ ఎర్రగీతకి కొంచెం కిందే ఉండాలి” అని చెప్పిందా అమ్మాయి. ఎర్రగీత దాటితే అల కొసలు కోసేసినట్టు చదునైపోతాయి. ఆ శబ్దం పగిలిపోయినట్టే, తర్వాత అతికించడం కుదరదు. నెమ్మదిగా రికార్డైనదాన్ని మాత్రం తర్వాత పెంచుకోవచ్చు. గట్టి గొంతుకి చోటు ఉంచుతూ అందరికీ ఒకే మట్టం పెట్టాలన్నమాట.

డిజిటల్ అంటే ఏమిటో కూడా అప్పుడే అర్థమైంది. టేపు మీద శబ్దం ఒక అఖండమైన గీతలా ఉంటుంది. కంప్యూటర్ దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. మన చెవి సెకనుకి సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. ఏ కంపనాన్నయినా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి, అందుకే ఆ అంకె. ఒక్కొక్క కొలత 65,536 మెట్లున్న నిచ్చెన మీద ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుంది. అలా ఒక గంట మాట, ఒకే ట్రాకులో, 300 మెగాబైట్ల పైచిలుకు చోటు తీసుకుంటుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఇంకా సూక్ష్మంగా, సెకనుకి కనీసం 48,000 కొలతలతో దాచమంటుంది. మనం ఫోన్లలో పంపుకునే ఎంపీత్రీ ఫైలు ఇంతకంటే చాలా చిన్నది. ఎందుకంటే మన చెవికి తెలియదని తను అనుకున్నదాన్ని అది పారేస్తుంది. పారేసింది తిరిగి రాదు. దాచుకోవడానికి వేవ్ ఫైలు, పంచుకోవడానికి ఎంపీత్రీ అనేది మా రెండో పాఠం.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకొకటుంది. గంట క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది. పుస్తకమైతే పేజీలు తిప్పేస్తాం, అవసరమైన వాక్యం దొరకగానే ఆగిపోతాం. ఇక్కడ ఆమె ఎంత సేపు మాట్లాడిందో అంత సేపూ కూర్చోవాల్సిందే. పరిశోధకులుగా మనకి ఆ ఓపిక ఎంత తగ్గిపోయిందో ఆ 22 క్యాసెట్లు వింటున్నప్పుడు తెలిసింది.

తర్వాతి పాఠం ‘నాయిస్ రిడక్షన్’, అంటే రొద తగ్గించడం. ఎవరూ మాట్లాడని కొన్ని సెకన్ల ముక్కని ఎంచి ‘ఇదీ రొద’ అని యంత్రానికి చూపించాలి. అది దాని పోలికలు గుర్తుపెట్టుకుని, మొత్తం రికార్డింగులో అలాంటిది ఎక్కడున్నా తగ్గించేస్తుంది. టేపు బుసకి, ఫ్యాను హోరుకి ఇది బాగా పనిచేస్తుంది. మోతాదు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు, రేకు మీద గీసినట్టు అయిపోతుంది.

ఏది రొద, ఏది కాదు అనేది యంత్రం చెప్పదు, మనం చెప్పాలి. ఈ స్త్రీలు ఎవరూ తలుపులు మూసిన గదిలో కూర్చుని మాట్లాడలేదు. అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ, బిందె నిండుతుందేమోనని ఒక చెవి కుళాయి మీద వేసి మాట్లాడారు. మాటకి ఇంటర్వ్యూ అని పేరు పెట్టి, గిన్నెల చప్పుడుకి రొద అని పేరు పెడితే, ఆమె పని గురించి మనం రాసేదాంట్లోంచి ఆమె పని శబ్దాన్నే తీసేసినవాళ్లమవుతాం. కాలాన్ని గుర్తుపట్టేది కూడా ఈ శబ్దాలతోనే. 1996 టేపుల్లో దూరంగా జామియా ఉస్మానియా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపిస్తుంది. 2017 నవంబరులో మెట్రో వచ్చిన తర్వాత తార్నాక చౌరస్తాలో చేసే ఏ రికార్డింగులోనైనా నెత్తిమీద దాని చప్పుడు ఉంటుంది. రేపటి చరిత్రకారిణికి తేదీ రాయని టేపులో అదొక ఆధారం.

ఆ తర్వాతది ‘ట్రంకేట్ సైలెన్స్’. దీన్ని మౌనం కుదింపు అనుకోవచ్చు. ఇంత మట్టం కంటే తక్కువ శబ్దం ఉన్నచోటల్లా, అర సెకను మించిన విరామాన్ని అర సెకనుకి తగ్గించెయ్ అని చెబితే, గంట మాటని నలభై నిమిషాలకి కుదించేస్తుంది. రేడియో కార్యక్రమాలు చేసేవాళ్లకి ఎంతో పనికొస్తుంది. మా గురువమ్మ దాన్ని చూపిస్తూ, “మేడం, మీరిది వాడరు లెండి” అని నవ్వింది. స్త్రీల మౌనం గురించి నేను క్లాసులో ఎన్నిసార్లు మాట్లాడానో తనకి తెలుసు. దేశ విభజన మీద ఊర్వశీ బుటాలియా 1998లో తెచ్చిన పుస్తకం శీర్షికలోనే మౌనం ఉంది. మౌనాన్ని వినాలని అందరం రాస్తాం. అది ఎన్ని సెకన్లుందో కొలిచే పని ఇప్పటిదాకా నాకు పడలేదు.

నా తొమ్మిదో క్యాసెట్‌లో ఒక మౌనం పదకొండు సెకన్లుంది. ఆమె నాలుగిళ్లలో పనిచేసేది. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, నీళ్లు పట్టడం, ఏ ఇంట్లో ఎన్ని గిన్నెలు, ఎంత జీతం, అన్నీ గబగబా చెప్పింది. ఆ ఇళ్లవాళ్లు ఎలా చూస్తారని నేనడిగాను. పదకొండు సెకన్లు. తర్వాత, “మంచిగనే చూస్తరమ్మా. అమ్మ మంచిది” అంది. కాగితం మీద నా ప్రశ్న ఒక పంక్తి, దాని కింద ఆమె జవాబు ఒక పంక్తి. ఆ రెండు పంక్తుల మధ్య కాగితంలో పదకొండు సెకన్లకి చోటు లేదు.

ఆ సెకన్లలో ఇంకొకటి జరిగింది. అప్పటి చిన్న రికార్డర్లలో శబ్దం మట్టాన్ని యంత్రమే సర్దుకునే ఏర్పాటు ఉండేది. ఎదుటి మనిషి గట్టిగా మాట్లాడితే తగ్గిస్తుంది, ఆగితే చుట్టూ ఏముందో అందుకోవడానికి పెంచుకుంటూ పోతుంది. అందుకని ఆమె మాట ఆగగానే ఇల్లు మాట్లాడటం మొదలుపెట్టింది. బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు, రైలు కూత, వెనకెక్కడో ఒక చిన్నపిల్ల ఎక్కాలు వల్లెవేయడం. ఆమె మళ్లీ మాట అందుకోగానే అవన్నీ వెనక్కి తగ్గిపోయాయి.

ఆమె ఇప్పుడు లేదు. కూతురు ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. తల్లి గొంతు నా దగ్గర ఉందని కబురు పంపితే ఒక ఆదివారం తార్నాకలో మా ఇంటికి వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ పదకొండు సెకన్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమంది.

“మేడం, ఆ ఎక్కాలు చదివేది నేనే.”

మళ్లీ పెట్టమంది. మూడుసార్లు విన్నది. తర్వాత నెమ్మదిగా అంది. “అమ్మ ఎందుకాగిందో చెప్పాల్నా? ఆ ఇంట్ల మాకు వేరే గ్లాసు ఉండె. బయట కిటికీ మీద పెట్టేటోళ్లు. నేనొకసారి తెల్వక లోపల గ్లాసుతోని నీళ్లు తాగిన. ఆ దినం అమ్మకు ఎన్ని మాటలు పడ్డయో. మీరు అడిగినప్పుడు అమ్మకు గదే యాదికొచ్చుంటది. కానీ మీరు గూడ అమ్మగారే గద మేడం. మీ ముంగట ఇంకెట్ల చెప్తది?”

నేను ఆమె ముందు టీ కప్పు పెట్టి ఉన్నాను. ఇద్దరం ఒకే రకం కప్పుల్లో తాగుతున్నాం. ఆ సంగతి ఇద్దరమూ గమనించాం, ఇద్దరమూ ఏమీ అనలేదు.

“మరి ‘అమ్మ మంచిది’ అన్న మాట తీసేద్దామా?” అని అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. “తియ్యకండి. మా అమ్మ అన్న మాటే గద అది. నేను చెప్పింది గూడ పెట్టండి, పక్కన.”

పుస్తకంలో దీన్ని ఎలా చేస్తాం? అధస్సూచికలో పెడతాం, చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున. ఆడాసిటీలో ఒక ట్రాకు కింద ఇంకో ట్రాకు తెరవచ్చు. రెండిటికీ ఒకే వెడల్పు, ఒకే కాలం గీత. పై ట్రాకులో 1996 నాటి తల్లి, కింది ట్రాకులో ఇప్పటి కూతురు. వాటి కింద ‘లేబుల్’ ట్రాకు అని ఒకటుంటుంది, అందులో ఏ క్షణం దగ్గర ఎవరు ఏం చెప్పారో రాసుకోవచ్చు. తల్లి మాట చెరగలేదు, కూతురి మాట దాన్ని కొట్టేయలేదు. వినేవాళ్లు ముందు తల్లిని వింటారు, తర్వాత తల్లి ఆగినచోటికి తిరిగెళ్లి కూతుర్ని వింటారు. అడిగే మనిషి ఎవరన్నదాన్ని బట్టి జవాబు మారుతుందని మౌఖిక చరిత్ర తరగతుల్లో చెబుతాం. ఇక్కడ అది చెవికి వినిపిస్తుంది.

పాత రోజుల్లో రేడియో స్టేషన్లలో టేపుని బ్లేడుతో ఏటవాలుగా కోసి, జిగురు పట్టీతో అతికించేవాళ్లు. కోసిన ముక్క నేల మీద పడేది. డిజిటల్‌లో అసలు ఫైలు అలాగే ఉంచి నకలు మీద పనిచేయొచ్చు, వంద రకాలుగా కత్తిరించినా మొదటిది చెక్కుచెదరదు. అంటే ‘కత్తిరించాను, పోయింది’ అని చెప్పే వీలు ఇక లేదు. ఏం తీశామో, ఎందుకు తీశామో, ఎవరినడిగి తీశామో చెప్పాల్సిన బాధ్యత మాత్రం పెరిగింది.

ఇదంతా విశ్వవిద్యాలయాల్లో కనిపెట్టిన జ్ఞానమని అనుకుంటే పొరపాటు. మనకంటే ముందే దీన్ని ఒంటబట్టించుకున్న ఆడవాళ్లు హైదరాబాదుకి వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళితులు, పొలం పనిచేసేవాళ్లు. 1990ల చివర యునెస్కో సాయంతో మాచునూరులో ఒక చిన్న స్టూడియో ఏర్పడింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినా, ఆ స్త్రీలకి ప్రసారం చేసుకునే లైసెన్సు రాలేదు. వాళ్లు ఆగలేదు. తమ విత్తనాల గురించి, పంటల గురించి, పండగల గురించి, పాటలూ మాటలూ క్యాసెట్ల మీద రికార్డు చేసి, ఎడిట్ చేసి, సంఘం కూర్చున్నప్పుడు వినిపించుకున్నారు. 2006 చివర్లో ప్రభుత్వం సామాజిక సంస్థలకి కూడా రేడియో నడుపుకునే వీలిచ్చాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకి వచ్చింది. దాన్ని నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

ఆ సంఘాల్లోనే కెమెరా పట్టిన స్త్రీలు షాట్లకి పెట్టుకున్న పేర్లు చాలామందికి తెలుసు. ఎత్తు తేడాని చూపించే ఒక షాటు వాళ్లకి ‘పటేల్ షాట్’. గద్దె మీద కూర్చున్న పటేలుకీ నేల మీద కూర్చున్నవాళ్లకీ మధ్య ఉన్న తేడా ఆ పేరులో ఉంది. కళ్లకి కళ్లు సమంగా ఉండే షాటు ‘సంఘం షాట్’. అంతా చాప మీద కూర్చున్నప్పుడు అలా చూసుకుంటారు కనుక. సినిమా పాఠ్యపుస్తకాలు యాంగిళ్ల పేర్లతో నేర్పేదానికి వాళ్లు తమ బతుకులోంచి పేరు తీశారు. సాంకేతికత ఇంగ్లీషులో ఉంది కాబట్టి, చదువుకున్నవాళ్లది కాబట్టి, మగవాళ్లది కాబట్టి మనకి రాదు అన్న మాటకి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. శబ్దపు అలని చదవడానికి అక్షరాలు రానక్కర్లేదు. ఎత్తు, పల్లం, ఖాళీ కనబడితే చాలు. వినే చెవి ఉంటే ఎక్కడ కోయకూడదో తెలుస్తుంది.

చరిత్రలో ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకో మాట గుర్తొస్తుంది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోను రికార్డుకి పాడినప్పుడు పాట చివర తన పేరు తానే చెప్పుకుంది. రికార్డుని అచ్చుపోసే జర్మనీ కార్మికులకి ఏ రికార్డు ఎవరిదో తెలియాలన్నది కంపెనీ అవసరం. అవసరం వాళ్లదే అయినా, నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ రికార్డు అనామకం కాలేదు. మన క్యాసెట్లలో చాలావాటి మీద ఊరి పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, అడిగినవాళ్ల పేరు ఉంటుంది. మాట్లాడిన మనిషి పేరు చోట ‘కూలీ స్త్రీ’ అనో, ‘పనిమనిషి 3’ అనో ఉంటుంది. పేరు దాచడం ఆమె కోరితే అది ఆమె హక్కు. ఆమెని అడగకుండా మనమే దాచితే అది వేరే విషయం.

అందుకని నా వయసు స్నేహితులకీ, నా కంటే చిన్నవాళ్లకీ నేను చెప్పదలచుకున్నది ఇది. అటక మీద పెట్టె ఉంటే దించండి. టేపుని నేరుగా యంత్రంలో పెట్టకుండా ముందు బూజు ఉందేమో చూడండి. ఒక్కసారే ఆడుతుందేమో అనుకుని మొదటిసారి ఆడించినప్పుడే రికార్డు చేయండి. అసలు ఫైలుని వేవ్‌గా రెండు చోట్ల దాచి, దాని జోలికి పోకండి. నకలు మీద పని చేసేటప్పుడు ఏ నిమిషం దగ్గర ఏం తీశారో ఒక నోటు పుస్తకంలో రాయండి. రొద తగ్గించే ముందు ఆ రొదలో ఎవరున్నారో వినండి. మౌనం కుదించే ముందు అది ఎన్ని సెకన్లుందో చూడండి. మాట్లాడిన మనిషి ఉంటే ఆమెకి, లేకపోతే ఆమె పిల్లలకి మొదటి ప్రతి ఇవ్వండి. మన వ్యాసం అచ్చయిన తర్వాత కాదు, దానికి ముందే.

ఈ పని ఒంటరిగా చేయడం కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి నేర్చుకుంటే మూడు నాలుగు సాయంత్రాల పని. తొమ్మిదో క్యాసెట్ నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ కూతురికి ఇచ్చాను. మిగతా 21 క్యాసెట్లలోని వాళ్ల ఇళ్లు ఆమెకి తెలుసు. ఆ ఇళ్లకి ఎవరు వెళ్లాలి, ఏమని అడగాలి అన్నది ఇప్పుడు మేమిద్దరం కలిసి నిర్ణయిస్తున్నాం. ప్రశ్నలు ఆమె రాస్తోంది.